కాటిపాప వేషం

కృపాకుమారికి ఆ ఏడు ఉత్తమ నటి బహుమతి ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. రాలేదంటే రాలేదు. ఇచ్చేవాళ్ళకు కళ్ళు లేకపోతే ఆమేం చేస్తుంది? అయినా నిజం చెప్పాలంటే, ఆ బహుమతిని ఆమె చేతులారా పోగొట్టుకుంది. ఎందుకు పోగొట్టుకుందో తెర పక్కన నిలబడి చూసినవాణ్ణి కాబట్టి నేనే చెప్పాలి.

నా పేరు కుళ్ళాయప్ప. అనంతపురంలో నాటకాల డ్రస్సులు బాడుగకిచ్చే అంగడి మాది. కిరీటాలు, గదలు, భుజకీర్తులు, తెరలు అన్నీ మా దగ్గర దొరుకుతాయి. పల్లెలో నాటకం అంటే డ్రస్సులతో పాటు నేనూ పోవాలి. మొహాలకు రంగు వేసేదీ నేనే, తెర లాగేదీ నేనే. మా వైపు ఊరి రైతులే పద్యాలు నేర్చుకుని రాజులూ దేవుళ్ళూ అవుతారు. ఆడవేషాలకు మాత్రం టౌను నుంచి ఆర్టిస్టులను పిలిపిస్తారు. అలా పోయే ఆర్టిస్టుల్లో కృపాకుమారి ఒకతి.

ఆమెది యాడికి దగ్గర పల్లె. నాయన కూలి చేసేవాడు. చర్చిలో పాడి పాడి ఆమె గొంతు సాఫైంది. ఒక హార్మోనియం మాస్టరు ఆ గొంతు విని పద్యాలు నేర్పాడు. ఆదివారం బైబిలు పట్టుకుని ప్రార్థనకు పోయేది, సోమవారం నా ముందు కూర్చుని ఇంతలావు బొట్టు పెట్టించుకుని పట్టపురాణి అయ్యేది. ఎవరైనా వేళాకోళం చేస్తే, "దేవునికి తెలుసులేప్పా నా సంగతి, నువ్వు చెప్పే పన్లే" అని నోరు మూయించేది.

ఆమెతో నాకొచ్చిన చిక్కల్లా ఆమె ప్రశ్నలతోనే. పెదాలకు రంగు వేస్తుంటే నోరు ఊరుకోదు. "కుళ్ళాయన్నా, ఈ రాణి అడవికి పోయినాంక ఏం తినింటాది? కాళ్ళకు చెప్పులుండెనా?" అని అడుగుతుంది. నాకేం తెలుసు? "అవన్నీ రాసినోణ్ణి అడుగుపోమ్మా, ముందు నోరు మూయి, రంగు చెదిరిపోతాది" అని కసిరేవాణ్ణి. సమాధానం దొరక్కపోతే ఆమే ఏదో ఒకటి కల్పించుకునేది. ఆ రాణి రాత్రంతా ఆకలితో ఉందని నిర్ణయించుకుంటే నిజంగానే అన్నం మానేసి స్టేజి ఎక్కేది. అటువంటి మనిషి.

రెండు వేల రెండులో కరువు ముదిరింది. వేసిన వేరుశనగ వేసినట్టే మాడింది. తిండికే కరువైతే నాటకాలెవరు ఆడిస్తారు? నా పెట్టెలు అటక దిగలేదు. కృపకేమో నలభై దగ్గర పడుతోంది. పిలిచే ఒకటీ అరా ఊళ్ళు కూడా చిన్న వయసు ఆర్టిస్టులు కావాలంటున్నాయి. అప్పుడు వచ్చాడు దివాకర్ సార్.

దివాకర్‌ది రెవెన్యూ ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రాలు నాటికలు రాయడం పిచ్చి. మంచివాడే, కాకపోతే తన రాత మీద తనకు ప్రేమ ఎక్కువ. నాటిక అంటే పద్యాలుండవు, కిరీటాలుండవు, గంటలోపు అయిపోతుంది. నాటక పరిషత్తులవాళ్ళు పోటీలు పెడతారు. ఒకచోట ఉత్తమ నటి అనిపించుకుంటే నాలుగు ఊళ్ళ పరిషత్తుల నుంచి పిలుపు వస్తుంది. కృపకు అది కొత్త దారి. ఇంక వేరే దారి లేదు కూడా.

నాటిక పేరు కాటిపాప. ఆ పేరు వినగానే నాకు నచ్చలేదు. ఎందుకంటే కాటిపాప కల్పించిన మనిషి కాదు, రాయదుర్గంలో బతికే ఉన్న మారెమ్మ.

కాటిసీను అంటే మా జిల్లా ప్రాణం పెడుతుంది. పాము కరిచి చచ్చిపోయిన కొడుకును ఒళ్ళో పెట్టుకుని రాణి శ్మశానంలో ఏడ్చే ఘట్టం అది. రాణి పద్యం పాడితే జనం వన్స్ మోర్ అంటారు. అన్నాక మొదటి నుంచి మళ్ళీ పాడాలి, పాడకపోతే ఊరికి అవమానం. కాటికాపరి వేషగాడికీ వన్స్ మోర్ పడాల్సిందే. ఇద్దరూ పోటీపడి రాగాలు తీస్తుంటే మధ్యలో శవంగా పడున్న పిల్ల గోడు ఎవడికి కావాలి?

ఆ పిల్ల మారెమ్మ. ఆరేళ్ళకే ఆ వేషం కట్టింది. సగం తెరిచిన కళ్ళ మీద ఈగ వాలినా రెప్ప ఆడించేది కాదు. దోమలు పీక్కుతిన్నా వేలు కదిలించేది కాదు. ఆమెను చూడటానికే జనం ఎద్దులబండ్లు కట్టుకుని వచ్చేవారు. వాళ్ళ నాయన రామప్ప ఆమెను భుజం మీద ఎక్కించుకుని ఊరూరా తిప్పేవాడు. కరపత్రంలో రాజు పేరు కంటే పైన కాటిపాప పేరు ఉండేది. అప్పట్లో మా నాయన వెంట పెట్టెలు మోస్తూ అదంతా నా కళ్ళారా చూశాను.

కాళ్ళు పొడుగై రాణి ఒళ్ళో పట్టకుండా పోయేసరికి ఆమె వైభవం అయిపోయింది. ఇంకొక పిల్లను తెచ్చారు. మారెమ్మకు ఏదో చెలికత్తె వేషం ఇచ్చి నిలబెడితే, వెనక నుంచి ఎవడో "ఒరేయ్, శవం లేచొచ్చిందిరా!" అని అరిచాడు. జనం విరగబడి నవ్వారు. ఆమె తెర వెనక్కి పరుగెత్తింది. మళ్ళీ స్టేజి ఎక్కలేదు. తర్వాత పెళ్ళైంది, మొగుడు వదిలేశాడు. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే చోట దారాలు కత్తిరించే పనికి కుదిరింది. పొలిమేర దాటితే కర్ణాటక సారా ప్యాకెట్లు, దానికీ అలవాటు పడింది. తాగితే తాగింది, ఆమె ఖర్మ అనుకోవచ్చు. కానీ ఒక ప్యాకెట్ చూపించి "కాటిపాపా, పండుకో" అంటే నడిబజారులో శవమై పడుకునేది. జనం చుట్టూ మూగి చూసేవారు. మనుషులు ఇంత చవకబారుగా ఎలా ఉంటారో నాకర్థం కాదు.

దివాకర్ రాసింది ఇదే. ఆఖరుకు ఆమె సారా అంగడి ముందు పడుకుని నిజంగానే చచ్చిపోతుంది. జనం నటన అనుకుని చప్పట్లు కొడతారు. తెర. అతను చదివి వినిపిస్తే మేమంతా కళ్ళు తుడుచుకున్నాం. కృప తుడుచుకోలేదు.

"సార్, ఆయమ్మ బతికే ఉండాది గదా. ఒకసారి చూసొస్తా" అంది.

"అవసరం లేదమ్మా, అంతా స్క్రిప్టులో ఉంది" అన్నాడు దివాకర్.

ఆ ఆదివారమే చర్చి మానుకుని, నన్ను వెంటేసుకుని రాయదుర్గం బస్సెక్కింది.

మారెమ్మ పనిచేసే చోటికి పోయేసరికి ఆమె టీకి బయటికి వస్తోంది. బక్కపలచని మనిషి, వేళ్ళకు అంటిన జీన్సు నీలం. నన్ను ఎగాదిగా చూసి, "డ్రస్సులోళ్ళ పిల్లోడివి గదూ!" అని నవ్వింది. ఆ పిల్లోడికి అప్పటికి మనవరాలు పుట్టింది. కృప తానెవరో చెప్పుకోబోయేలోపే టీ అంగడి దగ్గర కూర్చున్న వీరేష్ అనే పడుచువాడు జేబులోంచి ప్యాకెట్ తీసి ఆడించాడు.

"ఏయ్ కాటిపాపా, మీ చుట్టాలొచ్చినారు గదా, ఒకసారి పండుకోని చూపీ!"

వాడి చెంప పగలగొట్టాలనిపించింది. మారెమ్మ మమ్మల్ని చూసింది, ప్యాకెట్‌ను చూసింది. తల వంచుకుని చెప్పులు విడిచింది. నేల మీద రాళ్ళను కాలితో పక్కకు నెట్టి, చేనిలో పనికి దిగినట్టు కొంగు దోపుకుని పడుకుంది. అన్నేళ్ళైనా ఆ విద్య పోలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండ మొహం మీద పడుతున్నా రెప్ప కదల్లేదు. జనం గుంపుగా మూగారు.

కృప పోయి మారెమ్మ తల దగ్గర మట్టిలో చతికిలబడి, ఎండ తగలకుండా తన కొంగు అడ్డం పట్టి కూర్చుంది. అలా కూర్చునేసరికి చూసేవాళ్ళకు నవ్వు చెడిపోయింది. ఒక్కొక్కరే జారుకున్నారు. వీరేష్ ప్యాకెట్‌ను నేల మీద పడేసి తనూ పోయాడు.

"పోయినారా అందరూ?" అంది మారెమ్మ పెదాలు కదపకుండా.

"పోయినారక్కా."

అప్పుడు లేచింది.

ఆ తర్వాత తన గదికి తీసుకుపోయి బొరుగులు పెట్టింది. కృప నాటిక సంగతి దాచకుండా చెప్పింది. మారెమ్మకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. తన మీద నాటకం రాశారంటే కొంచెం మురిసిపోయింది కూడా. ఆ మురిపెంలోనే అడిగింది.

"కడాకు నేనేమైతా దాంట్లో?"

కృపకు అబద్ధం చెప్పడం రాదు. "సచ్చిపోతావక్కా."

"మళ్ళా సంపినారా!" అని నవ్వబోయింది మారెమ్మ. నవ్వు సగంలోనే పోయింది. "నీకు తెలుసునా చెల్లీ, ఆ కథలో కడాకు దేవుళ్ళొచ్చి పిల్లోణ్ణి బతికిస్తారు. నేను లేసి నిలబడల్ల, అప్పుడు అందరూ నా మొగం చూస్తారని మా నాయన చెప్పిండె. పండుకున్నంతసేపూ అదే తలుసుకుంటాంటి. ఎవరు లేపినారు నన్ను? వన్స్ మోర్, వన్స్ మోర్ అనేలోపల తెల్లారిపోతాండె. బండ్లు కట్టనీకి పొద్దెక్కుతాదని జనం లేసిపోతాండ్రి. మంగళం పాడి తెర దించుతాండ్రి. నన్ను అట్లే ఎత్తి బండిలో ఏస్తాండ్రి. ఒక్క ఊర్లో గూడ లెయ్యలేదు నేను."

అది ముమ్మాటికీ నిజం. ఆ ఆఖరి దేవుడి వేషం కోసం మా నాయన కుట్టించిన పట్టు డ్రస్సు మడత విప్పకుండానే పురుగులు కొట్టేసింది. మేమంతా దాన్ని ఒక హాస్యంగా చెప్పుకునేవాళ్ళం. ఆ పిల్ల వైపు నుంచి ఎవరం ఆలోచించలేదు.

"నాటకం చూడనీకి రాక్కా" అంది కృప బయలుదేరేటప్పుడు.

"లేసేది ఉంటే చెప్పు, వస్తా. సచ్చేది చూడనీకి రాను."

"లేస్తావు" అంది కృప. మాట ఇచ్చేసింది. రాసినవాడితో ఒక్క మాట అనకుండానే.

అనుకున్నట్టే దివాకర్ ససేమిరా అన్నాడు. అతని వాదన తీసిపారేయదగ్గది కాదు. "ఆమె లేచిందనుకో, చూసేవాళ్ళు హమ్మయ్య అనుకుని ఇంటికి పోతారు. చనిపోతేనే కదమ్మా వాళ్ళు సిగ్గుపడేది!"

"వాళ్ళు సిగ్గుపడనీకి ఆయమ్మ సావల్నా సార్?"

దివాకర్ మొహం ఎర్రబడింది. నచ్చకపోతే ఇంకొకరిని చూసుకుంటానన్నాడు. కృప తల వంచుకుంది. ఆ తర్వాత రిహార్సల్సులో రోజూ బుద్ధిగా చచ్చిపోయింది. పాపం, బతకాలి కదా, ఒప్పుకుందని అనుకున్నాను.

పోటీలు అనంతపురంలోనే ఒక హాల్లో. మా వంతు మధ్యాహ్నం పూట వచ్చింది. మారెమ్మ పొద్దున బస్సుకే దిగింది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, పక్క తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంది. ఆ రోజు ఆమె దగ్గర సారా వాసన లేదు. ఆమె వచ్చిందని చెబితే, రంగు వేయించుకుంటున్న కృప కళ్ళు మూసుకుని పెదాలు కదిలించింది. ప్రార్థన చేసుకుంటోందని నాకు తెలుసు. ఆ రోజు మాత్రం ఒక్క ప్రశ్నా అడగలేదు.

నేను చూసిన నటన అంతా ఇంతా కాదు. పెద్దపెద్ద గొంతులవాళ్ళ మొహాలకు రంగు వేశాను. కానీ ఆ మధ్యాహ్నం కృప చేసిందానికి ఏది సాటి వస్తుందో చెప్పలేను. తాగినవాళ్ళ వేషం అంటే అందరూ తూలుతారు. ఆమె తూలలేదు. తాగలేదని లోకానికి చూపించాలని తాపత్రయపడే మనిషిలా మరీ నిటారుగా, ఆచితూచి నడిచింది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొహం చటుక్కున పిల్ల మొహమయ్యేది, ఆ వెంటనే భయంతో ముడుచుకుపోయేది. పడుకునే ముందు కాలితో రాళ్ళను పక్కకు నెట్టింది. స్టేజి మీద రాళ్ళెక్కడివి? హాలంతటికీ కనిపించాయి. నాకైతే అక్కడ కృప కనబడటం మానేసింది.

ఆఖరి ఘట్టం. సారా అంగడివాడి వేషం వేసింది లింగప్ప, ఒక సహకార సంఘంలో గుమాస్తా. "లెయ్యే, చాలు" అన్నాడు. ఆమె లేవలేదు. కుదిపి చూసి, నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. చుట్టూ జనం వేషాల్లో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళతో పాటు హాల్లో నిజమైన జనం కూడా కొట్టారు. రాసిన నాటిక అక్కడికి అయిపోయింది. తెర తాడు నా చేతిలో ఉంది.

"తెర! కుళ్ళాయప్పా, తెర!" అన్నాడు దివాకర్ పక్కనుంచి.

కృప వేలు కదిలింది. చూశాను. తాడు వదలకుండా పట్టుకుని అలాగే నిలబడ్డాను. దివాకర్ పళ్ళు నూరాడు, నా చెయ్యి పట్టి లాగాడు. నేను లాగలేదు. ఈ చేతులతో ఎన్నోసార్లు తెర దించాను, ఆ ఒక్కసారి దించకపోతే కొంపలేం మునగవు.

ఆమె మోచేతి మీద లేచింది, కూర్చుంది, నిలబడింది. చీర దులుపుకుని జుట్టు ముడి వేసుకుంది. చప్పట్లు ఆగిపోయాయి. లింగప్పకు ఏం చేయాలో తోచక, బెదిరిపోయి "లేసినావా?" అన్నాడు.

"లేసినా. తెల్లారింది గదా. ఇంటికి పోతాండా."

వెనక నుంచి ఎవడో "శవం లేచిందిరో!" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. కృప వాడున్న వైపు తిరిగి, కోపం లేకుండా, వాడు తల దించుకునేదాకా చూస్తూ నిలబడింది. ఆ తర్వాత ఆమె కళ్ళు పక్క తలుపు దగ్గరి కుర్చీ మీదికి పోయాయి. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. అప్పుడు దించాను తెర.

ముగింపు తేలిపోయిందని జడ్జీలు అన్నారట. రాసిన దానికి కట్టుబడని నటికి బహుమతి ఇవ్వడం పద్ధతి కాదని కూడా అన్నారట. దివాకర్ చాలా నెలలు మాతో మాట్లాడలేదు. పరిషత్తుల పిలుపులూ రాలేదు. కృపకు ఇవన్నీ ముందే తెలుసు. అయినా లేచింది.

తెర పడగానే ఆమె రంగు కూడా తుడుచుకోకుండా బయటికి పరుగెత్తింది. వెనకే నేను. మారెమ్మ సైకిల్ స్టాండు పక్కన నిలబడి ఉంది.

"అక్కా, లేసినా! అందరి ముందరా లేసినా! నువ్వెందుకొచ్చేస్తివి?"

"నువ్వు పండుకుంటానే జనం చప్పట్లు కొడ్తిరి. ఇంగ చూడలేకపోతి. వచ్చేస్తి." మారెమ్మ తన కొంగుతో కృప మొహం మీద కారిపోతున్న రంగు తుడిచింది. "నువ్వు మంచిదానివి చెల్లీ. మాట నిలబెట్టుకున్యావు. గానీ నువ్వు లేస్తే నేను లేసినట్లా?"

నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆ మాటలో తప్పు లేదు, అదే కష్టం.

ఈలోగా హాల్లో జనం టీకని బయటికి వచ్చారు. ఎవరో గుర్తుపట్టారు. "అసలు కాటిపాప ఈయమ్మేనంట!" అన్న మాట పాకిపోయింది. చుట్టూ గుంపు చేరింది. ఈసారి ఎవరూ పండుకోమనలేదు, ఎవరి చేతిలోనూ ప్యాకెట్ లేదు. మారెమ్మ ఆ మొహాలన్నిటినీ చూసింది. చెప్పులు విడిచి, కాలితో రాళ్ళు నెట్టింది.

"వద్దక్కా" అని కృప చెయ్యి పట్టుకుంది.

"నువ్వుండు" అంది మారెమ్మ. పడుకుంది.

మళ్ళీ అదే శవం. ఊపిరి తీస్తున్నట్టు కూడా లేదు. గుంపులో ఎవడో చప్పట్లు మొదలుపెట్టాడు, పక్కవాళ్ళు అందుకున్నారు. ఆమె అలాగే పడుంది. చప్పట్లు కొట్టి కొట్టి వాళ్ళే ఆపారు. ఇంక చూడటానికేమీ లేదన్నట్టు ఇద్దరు ముగ్గురు కదలబోయారు.

"పోవద్దండి" అంది శవం.

అందరూ చూస్తుండగా, ఎవరూ చెయ్యి ఇవ్వకుండా, మారెమ్మ లేచి నిలబడింది. ఒళ్ళు దులుపుకోలేదు. వీపున మట్టితో, చేతులు కిందికి వదిలేసి, ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. వాళ్ళూ ఆమె మొహం చూశారు. చూడక తప్పలేదు. చప్పట్లు కొట్టాలో వద్దో వాళ్ళకు తెలియలేదు.

"ఇంగ పోండి" అంది.

గుంపు పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఆమె చెప్పులు వేసుకుని, ఎవరినీ తగలకుండా, నడుచుకుంటూ పోయింది. నాకు ఏడుపు ఆగలేదు. మగవాణ్ణని మొహం తిప్పుకోనూ లేదు. కృప మాత్రం ఏడవలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, ఉత్త కాళ్ళతో ఆమె వెంటపడి పరుగు తీసింది.

"అక్కా, నిలబడక్కా! బస్టాండు ఆ పక్క గాదు, ఈ పక్క!"